ఎర్రమట్టి గోడకు కోసిన అడ్వాన్సు

అడ్వాన్సు అనే మాట వింటేనే నాకు ఒళ్లు మండిపోతుంది. ఆ మాటకు మా పక్క గది సోములమ్మకు తెలిసిన అర్థం ఒకటి, మా ఇంటి ఓనరు కృష్ణమూర్తికి తెలిసిన అర్థం ఇంకొకటి. ఆ రెండింటి మధ్యా పడి నలిగింది ఆవిడే.

అరకులో బస్టాండు వెనక వీధిలో మేమిద్దరం పక్కపక్క గదుల్లో అద్దెకుండేవాళ్లం. నేను బొబ్బిలి నుంచి వచ్చి ఇడ్లీ బండి పెట్టుకున్నదాన్ని. ఆవిడది డుంబ్రిగుడ పైన కొండ మీద ఊరు. కూతురు గంగను హైస్కూల్లో చదివించుకోవాలని కిందికి దిగింది. పొద్దున లాడ్జీల్లో దుప్పట్లు ఉతికేది, ఆ తర్వాత నా బండి దగ్గర గిన్నెలు కడిగేది. నేనెంత చిర్రుబుర్రులాడినా పట్టించుకునేది కాదు. "అక్కకి పెనం కంటే ముందు బుర్ర వేడెక్కిపోద్ది" అని గంగతో చెప్పి నవ్వేది.

కృష్ణమూర్తికి బజార్లో కొట్టుంది. కొండల్లో పండే పసుపూ కాఫీ కూడా కొంటాడు. పంట చేతికి రాకముందే రైతులకు అడ్వాన్సు ఇస్తాడు. తీసుకున్నవాడు ఇక నోరెత్తకూడదు. పంట ఆయనకే పోయాలి, ధర ఆయన చెప్పిందే. సోములమ్మ పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి చూసిన అడ్వాన్సు అదే. అందుకే గదిలో దిగిన రోజున పదివేలు ఆయన చేతిలో పెట్టొచ్చి, "ఈసారి అడ్వాన్సు ఇచ్చింది నేనక్కా. ఇంక షావుకారు నా మాట ఇనాల గదా" అంది నాతో, గొప్పగా.

"పిచ్చిమొకమా, అద్దిళ్లల్లో అలా గాదే. ఇక్కడ ఇచ్చినోళ్లే బిక్కుబిక్కుమంటా ఉండాల" అన్నాను. నమ్మలేదు.

మొన్న వేసవిలో గంగ పదో తరగతి పాసైంది. ఆ సంబరం తీరకుండానే కొండ మీద ఊళ్లో గాలివాన కొట్టి వాళ్ల ఇంటి కప్పు లేచిపోయింది. గది ఖాళీ చేసి, ఆ పదివేలూ పెట్టి రేకులు కొని, వానలు దిగేలోగా కప్పేసుకోవాలనుకుంది.

వాళ్ల ఊళ్లో ఇల్లు వదిలి వెళ్లేవాళ్లు గోడలు అలికి మరీ వెళ్తారట. మన పొయ్యి మసి వెనక వచ్చేవాళ్లకు వదిలిపెడితే తప్పట. కొండ నుంచి ఎర్రమట్టి బస్తాలో వేసుకుని తెచ్చింది. తల్లీకూతుళ్లు రోజంతా మోచేతుల దాకా మట్టి చేసుకుని అలికారు. గోడలు ఎర్రగా, అడుగున నల్లటి పట్టీ, గుమ్మం చుట్టూ తెల్లసుద్ద చుక్కలు. అబ్బ, ఎంత బాగుందో! నా గదిలోకి పోవడానికి నాకే మనసు రాలేదు.

మర్నాడు కృష్ణమూర్తి తాళం కోసం వచ్చాడు. "ఏటే ఇది? రంగేసిన గోడలకి బురద పూసేసినావేటి?"

"బురద గాదు షావుకారూ, మా కొండ మట్టి. శుబ్బరం సేసి ఇత్తన్నాను."

"ఏడిసినట్టుంది నీ శుబ్బరం! ఇదంతా గీకించి రంగెయ్యాలంటే ఎంతవుద్దో తెలుసా?" అని ఆరువేలు కోసేసుకుని, నాలుగువేలు ఆవిడ చేతిలో పడేశాడు.

సోములమ్మ బకెట్టు అందుకుంది. "ఒక్క పూట ఆగు షావుకారూ, నేనే కడిగేత్తాను" అని బతిమాలింది.

"రేపొద్దున్నే వేరేవోళ్లు దిగిపోతారు. బేగి ఖాళీ సెయ్యి."

నేనాగలేకపోయాను. "రేపే దిగిపోతే మరి రంగెప్పుడేయిత్తారండీ?" అని అడిగాను.

ఆయన నా వైపు తిరిగి, "నీ అడ్వాన్సు కూడా నా దగ్గరే ఉంది" అన్నాడు నింపాదిగా.

నాలుగువేలకు సగం ఇంటికే రేకులొచ్చాయి. మిగతా సగానికి టార్పాలిన్ కట్టుకుంది. వానలు దిగాయి.

ఇక్కడ రంగూ లేదు, గింగూ లేదు. ఆ గదిలో రెండు మంచాలు వేయించి, గుమ్మానికి 'గిరిజన సంప్రదాయ గది' అని బోర్డు తగిలించాడు, సిగ్గులేని మనిషి! విశాఖ నుంచి వచ్చే టూరిస్టులు ఆ గోడకు ఆనుకుని సెల్ఫీలు దిగేవాళ్లు. నెల అద్దె తీసేసి రోజు అద్దె పెట్టాడు. ఆ తర్వాత మేడ మీద నాలుగు గదులూ అలాగే అలికిపెట్టమని సోములమ్మకు కబురు పంపాడు.

వానలో తడుస్తూ వచ్చిందావిడ. "సిగ్గు లేదా నీకు? ఎల్లకే!" అని అరిచాను.

"సగం ఇంట్లో వాన పడతంది అక్కా" అంది అంతే.

కృష్ణమూర్తి నవ్వుతూ, "ఇదిగో, అడ్వాన్సు తీసుకో" అని నోట్లు చాపాడు. ఆవిడ చేతులు వెనక్కి పెట్టేసుకుంది. "అడ్వాన్సొద్దు. పనయ్యాక ఇయ్యి."

పని పూర్తయిన రోజు సాయంత్రం నా బండి దగ్గరికొచ్చింది. చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి. కొంగుముడి విప్పి చూపించింది. ఆరువేలు.

"నా డబ్బులు నాకొచ్చేసినాయక్కా. రేపు రేకులు కొనేత్తాను" అంది.

"మరి నాలుగు గదుల కూలేదే?" అని అడిగాను.

బకెట్లో చేతులు ముంచి మట్టి కడుక్కుంటూ, "అది కోసుకున్నాడు" అంది.