గంజి పెట్టిన బట్టలు

మొన్న రాయపూర్ పండరీ బజారులో బట్టల కొట్టతను కొత్త నూలు చీర ఒకటి నా ముందు ఫెళఫెళమంటూ విప్పాడు. నేను ఒకడుగు వెనక్కి వేశాను. ఇరవై ఏళ్ళు కావస్తున్నా ఆ చప్పుడు వింటే నాకు చెమటలు పడతాయి. పక్కనున్న మా అమ్మాయి నాకు రంగు నచ్చలేదనుకుంది.

అప్పట్లో మా చెల్లెలు యూనివర్సిటీలో డాన్స్ చదివేది. ఆఖరి ఏడాది పిల్లలు ఎవరి నాట్యం వాళ్ళే కూర్చి, తోటివాళ్ళ చేత ఆడించి, ఆ తర్వాత స్టేజీ మీద నిలబడి ప్రశ్నలకి జవాబు చెప్పాలి. మా నాన్న గూడ్సు బండి గార్డు. శ్రీకాకుళం నుంచి రాయపూర్ వచ్చి స్థిరపడ్డ మనిషి. ఆడపిల్ల రైల్వే పరీక్షలు రాసుకోక ఈ గెంతులేమిటని ఆయన గోల. ఇంట్లో చాలా రోజులు మాటలు బందయ్యాక చివరికి దిగొచ్చి, “ఒక్కపాలి వచ్చి చూస్తాను. బాగుంటే పై సదువు సదువుకో. నేదంటే మళ్ళీ ఈ మాట ఎత్తకు,” అన్నాడు. చెల్లెలు కూర్చిన నాట్యం ఆయన గురించే. డ్యూటీకెళ్ళిన నాన్న వేళకి రాకపోతే, ఏమైందోనన్న భయంతో ఆయన బూట్ల చప్పుడు కోసం మేమంతా నోరు మెదపకుండా కూర్చునే వాళ్ళం కదా, అదీ కథ. అయిదుగురు అమ్మాయిలు, పాట లేదు, తాళం లేదు, హాలంతటికీ వాళ్ళ ఊపిరి ఒక్కటే వినపడాలి. ఆ సంగతి నాన్నకి ముందుగా చెప్పొద్దని నా చేత ఒట్టేయించుకుంది. మొండిఘటం.

సరిగ్గా అక్కడే మా అమ్మ చెయ్యి పడింది. చప్పుడు కాకూడదని చెల్లెలు ఏరి కోరి మెత్తటి మల్లు గుడ్డతో బట్టలు కుట్టించింది. గంజి పెట్టని నూలుబట్ట కట్టుకుని పదిమందిలోకి వెళ్ళడమంటే మా అమ్మ దృష్టిలో తల దువ్వుకోకుండా వెళ్ళడమే. పిల్ల రిహార్సల్‌కి వెళ్ళగానే అయిదు జతలూ చిక్కటి గంజిలో ముంచి, ఎండేసి, ఇస్త్రీ చేసి సంచిలో సర్దేసింది. గ్రీన్‌రూమ్‌లో చెల్లెలు ఒకటి పైకి తీస్తే అప్పడంలా నిలబడింది. “చూడే, కపడా ఎంత కడక్‌గా ఉందో. ఆ పీలికలు కట్టుకుని స్టేజీ ఎక్కుతారేటి?” అంది అమ్మ మురిసిపోతూ. చెల్లెలి మొహంలో నెత్తురు చుక్క లేదు. అమ్మని హాల్లోకి పంపేసి, తడిపేద్దామా అన్నాను. “తడిగుడ్డలు ఒంటికంటుకుంటే నాన్న అప్పుడే లేచి పోతాడక్కా,” అంది. నిజమే. మా వంతుకి ముందు ఇంకొక్క నాట్యమే మిగిలింది.

నేను వెళ్ళి నాన్న పక్కన కూర్చోగానే తెర లేచింది. మొదటి అమ్మాయి కూర్చోగానే ఫెళఫెళ. వెనక వరసల్లో నవ్వులు. రెండో అమ్మాయి కదిలితే ఇంకా నవ్వులు. నాన్న తలుపు వైపు చూశాడు. అప్పుడు తెర పక్కనుంచి చెల్లెలు చెయ్యెత్తడం కనపడింది. అమ్మాయిలు ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. నవ్వులు సద్దుమణిగే దాకా ఎత్తిన చెయ్యి దించలేదు. దించగానే అయిదుగురూ ఒక్కసారే వంగారు, రేకుల మీద వాన పడ్డట్టు ఒకటే చప్పుడు. అక్కడినుంచి ప్రతి కదలికా దాని చేతి సైగ మీదే నడిచింది. అయిపోయాక ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మునిగాం అనుకున్నాను. తర్వాత కొట్టారు, చాలాసేపు.

స్టేజీ మీద వాళ్ళ డాన్స్ మేడమ్ అడిగింది, ఆ శబ్దం వాడాలని ఎలా తట్టిందని. చెల్లెలు హాల్లో అమ్మ ఎక్కడుందో వెతుక్కుని చూసింది. “మా అమ్మ చేతి గంజి మేడమ్. అది లేకపోతే ఈ నాట్యం లేదు,” అంది. అమ్మ కొంగు సర్దుకుని అటూ ఇటూ చూసింది. ఈనాటికీ ఆవిడకి అసలు సంగతి తెలియదు, ఎవరూ చెప్పకండి.

ఆటోలో ఇంటికొస్తుంటే, అమ్మ కునుకు తియ్యడం చూసి నాన్న నన్నడిగాడు. “మొదట అనుకున్నది ఇదేనా? నిజం చెప్పు.” ఆయన దగ్గర అబద్ధం సాగదు. కాదన్నాను. “నాకూ అలాగే అనిపించింది. దారిలో బండి ఆగిపోతే కంగారెత్తకుండా కదిపింది పిల్ల. సదువుకోనీ,” అన్నాడు. చెల్లెలు నా భుజం మీద పడి భోరుమంది. ఆ సంతోషంలో మొదట అనుకున్నదేమిటని ఆయన అడగనూ లేదు, ఆ నాట్యం ఆయన గురించేనని మేం చెప్పనూ లేదు. తర్వాత చెల్లెలు ఎన్నో నాట్యాలు చేసింది, అన్నిటికీ ఆయన ముందు వరసలో కూర్చున్నాడు. పోయినేడు మమ్మల్ని వదిలి వెళ్ళిపోయాడు. ఆయన కోసం మేం ఎంత భయంగా ఎదురుచూసేవాళ్ళమో ఒక్కసారైనా నోటితో చెప్పి ఉండాల్సింది. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూనే అన్నేళ్ళూ గడిపేశాం.