నెమరు వేసే బండి

కొత్త కాలుష్య నిబంధనల డీజిల్ కార్లు మార్కెట్లోకి వచ్చిన మరుసటి ఏడు, జూన్ మొదటి వారంలో, నన్ను గుడివాడ వర్క్‌షాపు నుంచి బందరు బ్రాంచికి సీనియర్ సర్వీస్ అడ్వైజర్‌గా బదిలీ చేశారు. హోదా వినడానికి బాగుంటుంది గానీ చేసేది మధ్యవర్తి పని. బండి యజమాని వచ్చి "ముందు చక్రం కాడ ఏదో గుర్రుమంటుందండీ" అంటాడు. ఆ గుర్రును మెకానిక్‌కు అర్థమయ్యేలా జాబ్ కార్డు మీద రాయాలి. మెకానిక్ కనిపెట్టిన సంగతిని మళ్ళీ యజమానికి అర్థమయ్యేలా చెప్పాలి. బందరులో దీనికి తోడు ఇంకో బాధ్యత ఉండేది. కొత్త కారు తాళం అప్పగించే రోజున అందులోని సౌకర్యాలన్నీ కొన్నవాళ్ళకు వివరించి, "అన్నీ వివరించారు, అర్థమయ్యాయి" అన్న కాగితం మీద సంతకం తీసుకోవాలి. కంపెనీ దీనికి నలభై నిమిషాలు కేటాయించింది. నేను గంటన్నర తీసుకునేవాణ్ణి.

అందుకు కారణం నా నోరు. కోటేశ్వరరావు అన్న నా పేరుకు ముందు "కోతల" అన్న ఇంటిపేరు గుడివాడలోనే తగిలించారు. అది నాకంటే ముందు బస్సెక్కి బందరు చేరింది. ఉన్నది ఉన్నట్టు చెబితే వినేవాడికి ఆవలింత వస్తుందని నా సిద్ధాంతం. పెదపారుపూడి మాస్టారు ఒకాయనకు, చినుకు పడితే వాటంతట అవే కదిలే వైపర్లను చూపిస్తూ, ఇవి వానను అరగంట ముందే పసిగడతాయండీ అన్నాను. ఆ ఏడు ఆయన ధాన్యం ఆరబోసే ముందు కారు దగ్గరకెళ్ళి వైపర్లను చూసి వచ్చేవారట. పమిడిముక్కల రైతు ఒకాయనకు, రివర్స్ కెమెరాలో గేదె కనబడితే అది ఎవరి గేదో కూడా తెర మీద పడుతుందని చెప్పాను. నెల తర్వాత ఆయన సర్వీసుకు వచ్చి, "పేరు పట్టంలేదండీ, సాఫ్ట్‌వేరు పాతదేమో చూడండి" అన్నాడు. నవ్వకుండా జాబ్ కార్డు మీద రాసుకున్నాను.

మా ఫ్లోర్ ఇన్‌చార్జి, అంటే మెకానిక్కులందరికీ పెద్ద, సాల్మన్ గారు. ఆదివారాలు చర్చిలో కీబోర్డు వాయించే మనిషి. మాటలు తక్కువ. ఆ కార్డు చదివి ఆయన నవ్వలేదు.

"కోటేశ్వరరావు గారూ, మీ నోరు పాడుచేసిన బండి ఏదో ఒకరోజు నా చేతికొచ్చుద్ది. అప్పుడు నన్నేం చెయ్యమంటారో ఇప్పుడే చెప్పండి" అన్నారు.

దానికీ ఏదో కోత కోసి తప్పించుకున్నాను.

జులైలో నాంచారయ్య గారు వచ్చారు. నాగాయలంక దాటాక సముద్రం వైపున్న పల్లె ఆయనది. ఇరవై ఏళ్ళు సొంత బోటు మీద వేటకెళ్ళి, మోకాళ్ళు సహకరించక ఒడ్డున చేపల వ్యాపారంలోకి దిగారు. యాభై దాటాక కారు నడపడం నేర్చుకున్నారు. ఆయన భార్య నాగేశ్వరమ్మ గారికి కిడ్నీలు రెండూ పనిచేయడం మానేశాయి. వారానికి మూడుసార్లు అవనిగడ్డ వెళ్ళి నాలుగేసి గంటలు డయాలసిస్ చేయించుకోవాలి. వెళ్ళేటప్పుడు షేరాటోలో కూర్చోగలిగేది. వచ్చేటప్పుడు కూర్చునే ఓపిక ఉండేది కాదు. కారు కొన్నది అందుకే, ఆ తిరుగు ప్రయాణం కోసం.

తెర, సన్‌రూఫ్, తాళం తీయకుండానే తెరుచుకునే తలుపులు ఇవేవీ ఆవిడ చూడలేదు. "ఎనక సీటు ఎంతవరకు వాలుద్ది అన్నయ్యా?" అని అడిగింది. సీటు పక్కన పట్టీ లాగి వాల్చి చూపించాను. ఆవిడ ఎక్కి, వెనక్కి ఒరిగి, కాసేపు కళ్ళు మూసుకుంది.

"చాల్లే. ఇంకేం చూపించక్కర్లా. ఆయనకి చూపిచ్చుకోండి" అంది.

ఆయనకు మాత్రం ప్రతి దీపం గురించీ చెప్పాల్సి వచ్చింది. బోటు ఇంజనుతో బతికిన మనిషి కదా, స్టీరింగు ముందు వెలిగే గుర్తులన్నీ ఒక్కొక్కటిగా వేలు పెట్టి అడిగారు. వాటిలో ఒక గుర్తు, చిన్న డబ్బాలో చుక్కలున్నట్టు ఉంటుంది. దాని సంగతి పాఠకులకు ఇక్కడ సరిగ్గా చెబుతాను. ఆ రోజు చెప్పలేదు కాబట్టి.

ఈ కొత్త డీజిల్ బళ్ళలో పొగ గొట్టం మధ్యలో ఒక ఫిల్టర్ ఉంటుంది. పొగలోని మసి బయటకు పోకుండా అందులో ఆగుతుంది. కొంత మసి చేరాక, ఇంజను కాస్త ఎక్కువ డీజిల్ పంపి, ఫిల్టర్‌ను బాగా వేడెక్కించి, ఆ మసిని కాల్చేస్తుంది. దీన్ని రీజనరేషన్ అంటారు. అది పూర్తి కావాలంటే బండి ఆగకుండా, అరవైకి తగ్గని వేగంతో, ఇరవై నిమిషాలు నడవాలి. నెమ్మదిగా, దగ్గర దూరాలే తిరిగే బండిలో ఆ పని పూర్తికాక ఈ దీపం వెలుగుతుంది. వెలిగిందంటే, ఆపకు, ఇంకాస్త వేగంగా పోనివ్వు అని అర్థం.

నేను చెప్పింది ఇది: "అది బండి నెమరేసుకునే టైమండీ. పొద్దుట్నుంచి మింగిన పొగంతా అప్పుడు తీరిగ్గా నమిలి అరిగించుకుంటది. పుణ్యముంటది, ఆ టైంలో మాత్రం దాన్ని కదిలించకండి."

షోరూంలో ఉన్న నలుగురూ నవ్వారు. నాంచారయ్య గారు నవ్వలేదు. తల ఊపారు.

"అంటే ఎద్దుకి మల్లే" అన్నారు.

"అచ్చం ఎద్దుకి మల్లేనండి" అన్నాను. సంతకం పెట్టారు. బండి ముందు కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు తొక్కించి వెళ్ళిపోయారు.

ఆయన ఎందుకు నమ్మారో నాకు తర్వాత అర్థమైంది. సముద్రం మీద బోటు ఇంజను వేడి వాసన కొడితే ఆపేస్తారు. చల్లారేదాకా కూర్చుంటారు. ఆపకుండా నడిపినవాడు తెడ్డేసుకుంటూ ఒడ్డుకొస్తాడు. ఇరవై ఏళ్ళ వేటలో ఆయన నేర్చినదానికి నా మాట అతికినట్టు సరిపోయింది.

ఆ పల్లె నుంచి అవనిగడ్డకు దూరం తక్కువ. కుదుపుకు నాగేశ్వరమ్మ గారికి వాంతి వస్తుందని ఆయన బండిని ముప్పై దాటించేవారు కాదు. దీపం వెలిగినా, కింది నుంచి వేడి వాసన వచ్చినా, రోడ్డు పక్కన నీడ చూసి ఆపేవారు. ఇంజను కట్టేసి, అరగంట కూర్చునేవారు. వెనక సీటులో ఆవిడ పడుకుని ఉండేది. దారినపోయేవాళ్ళు బండి చెడిపోయిందా అని అడిగితే, "లేదయ్యా, మా బండి నెమరేత్తంది" అని ఆవిడే చెప్పేదట. అంటే మసి కాలడం మొదలైన ప్రతిసారీ మధ్యలో ఆర్పేశారు. అంత శ్రద్ధగా, అంత ప్రేమగా.

నవంబరులో ఆయన నాకు ఫోన్ చేశారు. బోటు అలవాటు కొద్దీ ఆయన రోజూ ఉదయం బానెట్ ఎత్తి, ఆయిలు మట్టం చూపే పుల్ల తీసి చూసేవారు.

"కోటేశ్వరరావు గారూ, ఒక వింత చెప్పనా? ఆయిలు పెరుగుతుందండీ. పై గీత దాటి ఏలెడు పైకొచ్చింది."

ఇంజను ఆయిలు తగ్గుతుందే తప్ప పెరగదు. పెరిగిందంటే, ఫిల్టర్‌ను వేడెక్కించడానికి పంపిన డీజిల్ కాలకుండా కిందికి జారి ఆయిల్లో కలుస్తోందన్నమాట. పలచబడిన ఆయిలుతో నడిచే ఇంజను లోలోపల అరిగిపోతుంది. ఈ మాట మా దగ్గర మొదటి వారం ట్రైనింగులోనే చెబుతారు. ఇంజను స్టార్ట్ చేయకండి, బండి పంపిస్తున్నాం అని ఆ క్షణమే అనాల్సింది. నా ఎదురుగా మా వర్క్‌షాపు వాళ్ళిద్దరు కూర్చుని అన్నం తింటున్నారు. వాళ్ళు వింటున్నారు.

"అదృష్టవంతులండీ మీరు. మీ బండిలో ఊట పడింది. ఇంకో నెలాగితే ఊళ్ళోవాళ్ళకి కూడా పొయ్యొచ్చు" అన్నాను.

వాళ్ళిద్దరికీ పొలమారింది. ఫోన్లో ఆయన కూడా నవ్వారు. నవ్వుతూనే, "మా ఆవిడకి చెబుతానుండండి" అని పెట్టేశారు.

వరి కోతలయ్యాక ఆ రోడ్ల సంగతి తెలిసిందే. సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉంటుంది. ఆ నెలరోజులూ ఆ బండి ఇరవై దాటి ఉండదు. జనవరిలో ఒక గురువారం, డయాలసిస్‌కు వెళ్తుండగా, బండి బలం పడిపోయింది. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా పాకుతోంది. ఇంజను తనను తాను కాపాడుకోవడానికి బలాన్ని తగ్గించేసుకునే స్థితి అది. నాంచారయ్య గారు తనకు తెలిసిన వైద్యమే చేశారు. ఆపి, గంటసేపు నెమరు వేయనిచ్చారు. మళ్ళీ ఎక్కి పాకుతూ అవనిగడ్డ చేరేసరికి ఆవిడ వంతు మిషను ఇంకొకరికి ఇచ్చేశారు. మర్నాడు రమ్మన్నారు. మర్నాటి దాకా ఆవిడ ఆగలేకపోయింది. తెల్లారేసరికి ఊపిరితిత్తుల్లో నీరు చేరి, అంబులెన్సులో ఆక్సిజన్ పెట్టుకుని వెళ్ళింది. ఆసారికి బతికింది.

బండి క్రేను మీద బందరు వచ్చింది.

సాల్మన్ గారు స్కానర్ తగిలించారు. ఇంజను కంప్యూటర్‌లో జరిగినవన్నీ నమోదై ఉంటాయి. ఆయన తెర మీద వేలు పెట్టి చదివారు.

"నలభై మూడు సార్లు మొదలెట్టింది. ఒక్కసారీ పూర్తవనివ్వలా. ఎవరో పనిగట్టుకుని ఆపారు." తర్వాత నా వైపు తిరిగారు. "ఏం చెప్పారండీ ఆయనకి?"

చెప్పాను. ఆయన స్కానర్ తీగ చుట్టుకుంటూ విన్నారు. నన్నేం చెయ్యమంటారని అప్పట్లో అడిగిన మాట గుర్తు చేయలేదు. మసి మితిమీరి ఫిల్టర్ ఇక వర్క్‌షాపులో కాల్చి బాగుచేసే స్థితిలో లేదని, ఇంజను బేరింగులు అరిగిపోయాయని రాసిచ్చారు. రెండూ మార్చాలి. వారంటీలో వస్తే సరే, రాకపోతే ఆ ఇంట్లో అది అయ్యే పని కాదు.

వారంటీ అడగాలంటే అడ్వైజర్ "లోపానికి కారణం" అన్న గడి నింపాలి. నా ఉద్యోగంలో మొదటిసారి, పూసగుచ్చినట్టు, ఒక్క అక్షరం కలపకుండా నిజం రాశాను. నెమరు సంగతి, ఎద్దు సంగతి, ఆయిలు గురించి ఫోన్లో నేనన్న మాట, అన్నీ. యజమాని తప్పు లేదు, తప్పు సమాచారం ఇచ్చింది నేను అని కింద సంతకం చేశాను.

రెండు రోజులకు విజయవాడ నుంచి వారంటీ చూసే మేనేజరు ఫోన్ చేశాడు. నవ్వుతున్నాడు.

"గేదె కథ కంటే ఇది బాగుంది కోటేశ్వరరావు గారూ. కస్టమర్‌ని కాపాడ్డానికి ఇంత అల్లుతారా? ఇప్పుడు అసలు రిపోర్టు పంపండి."

ఇదే అసలుదన్నాను. పిల్లల మీద ఒట్టేశాను. ఆ ఒట్టుకు ఇంకా నవ్వాడు. ఆ రోజు షోరూంలో నవ్విన నలుగురినీ అడిగాను. మీరు రోజుకో కోత కోస్తారు, ఏ రోజు ఏది కోశారో ఎవరికి గుర్తుంటుందండీ అన్నారు. సాల్మన్ గారిని సాక్షి సంతకం అడిగాను. "మీ మాట నేను నమ్ముతున్నానండి. కానీ నేనక్కడ లేను. విన్నానని రాయలేను" అన్నారు. ఆయన అబద్ధం రాసే మనిషైతే ఆ సంతకానికి విలువా ఉండేది కాదు. "అన్నీ వివరించారు, అర్థమయ్యాయి" అన్న కాగితం, నాంచారయ్య గారి సంతకంతో సహా, ఫైల్లో పదిలంగా ఉంది. వారం తర్వాత జవాబు వచ్చింది. వినియోగదారుడి అవగాహన లోపం వల్ల కలిగిన నష్టం, వారంటీ వర్తించదు.

ఆ మాట చెప్పడానికి ఆయన్ను పిలిపించాను. వెయిటింగ్ గదిలో, టీవీ కింద కుర్చీలో కూర్చున్నారు. ఆ దీపం వెలిగితే అసలు ఏం చేయాలో, నేను దానికి తలకిందులుగా ఏం చెప్పానో, మొత్తం చెప్పాను. తిడతారనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను.

"అయితే నేను ఆపినప్పుడల్లా దానికి ఇంకా కష్టమయ్యేదన్నమాట" అన్నారు, అద్దంలోంచి బండి వైపు చూస్తూ. మళ్ళీ ఆయనే అన్నారు. "మా ఆవిడకి మిషను పెట్టాక మధ్యలో ఆపనియ్యరండీ. కరెంటు పోయినా ఉరుకులు పరుగులు పెడతారు. మొదలెడితే పూర్తవ్వాల్సిందే. మీరు ఆ ముక్క చెప్పినా నాకు తెలిసేది కదండీ."

బండి తాళం ఆయన చేతికిచ్చాను.

బండిని ఉన్నది ఉన్నట్టు ఎవరికో అమ్మేశారు. నాగేశ్వరమ్మ గారు మళ్ళీ షేరాటో ఎక్కింది. తిరుగు ప్రయాణానికి ఓపికలేక వారానికి మూడుసార్లు రెండయ్యాయి. శివరాత్రికి ముందు ఆవిడ పోయిందని నాగాయలంక నుంచి సర్వీసుకు వచ్చిన ఇంకో కస్టమర్ చెప్పాడు. గుండె ఆగిందని డాక్టర్లు రాశారట. అది నిజమే అయి ఉంటుంది. జాబ్ కార్డు మీద "లోపానికి కారణం" గడి ఎన్ని వేలసార్లు నింపానో నాకు తెలియదు. రాసినదానికి వెనక ఇంకో కారణం, దాని వెనక ఇంకొకటి ఉంటాయని మాత్రం తెలుసు.

నేను ఇంకా రెండేళ్ళు పనిచేసి, యాభై మూడో ఏట స్వచ్ఛందంగా పదవీ విరమణ చేశాను. ఆ రెండేళ్ళూ డెలివరీ రోజున ఆ దీపం దగ్గర ఆగి, ఏం చేయాలో కొన్నవాళ్ళ చేతే తిరిగి చెప్పించుకున్నాకే కాగితం ముందుకు జరిపేవాణ్ణి. పోలికలు మానేశాను. కోతలు ఇప్పుడూ కోస్తాను, చేపల గురించి, చుట్టాల గురించి.

ఈ ఉదంతం నాకు నేర్పింది చిన్న విషయం. యంత్రం గురించి చెప్పేవాడు అది దేనిలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. దీపం వెలిగితే కాలు ఎక్కడ పెట్టాలో చెబితే చాలు. డీజిల్ కారున్నవారు ఎవరైనా ఇది చదువుతుంటే, ఆ చుక్కల డబ్బా వెలిగినప్పుడు బండి ఆపకండి. ఖాళీ రోడ్డెక్కి ఇరవై నిమిషాలు నడపండి. ఆయిలు పెరిగితే స్టార్ట్ చేయకండి. ఈ రెండు మాటలకు నలభై నిమిషాలు కూడా అక్కర్లేదు.