మా అమ్మకు కట్టిన మల్లెపూలు

నా చిన్నప్పుడు, అంటే ఎనభైల్లో, బొంబాయి కామాటిపురలో మేముండే ఒంటిగది ఇళ్ల చాల్‌కి ఒక డాక్టరమ్మ వస్తుండేది. హార్మోన్లకూ మెదడుకూ ఉన్న లంకె మీద ఆమె పరిశోధన. ఆ పనిలో దేశంలో ముందు నడిచినవాళ్లలో ఆమె ఒకరని పెద్దయ్యాక తెలిసింది. అప్పట్లో మాకు ఆమె బాలింతల్ని కూర్చోబెట్టి ప్రశ్నలతో విసిగించే మనిషి, అంతే.

ఆ ఎండాకాలం మా చెల్లెలు పుట్టి నెల తిరక్కముందే పోయింది. అమ్మ ఏడవలేదు. నల్లా దగ్గర నీళ్లు పట్టింది, రొట్టెలు చేసింది, పిలిస్తే పలికింది. నాకూ ఏడుపు రాలేదు. మా ఒంటిగది ఖోలీ అంతా మొద్దుబారినట్టు ఉండేది. "బిడ్డ పోతే కంట్ల చుక్క నీళ్లు లేవు, గిదేం తల్లి?" అని పక్కింటి పెద్దమ్మ అంటుంటే విన్నాను. రేపు నేను పోయినా అమ్మ ఇలాగే రొట్టెలు చేసుకుంటుందేమోనని భయం పట్టుకుంది.

ఒకరోజు మా నాయనమ్మ గ్రాంట్ రోడ్ నుంచి మూరలకొద్దీ మల్లెపూలు తెచ్చింది. ఇంట్లోకి మళ్లీ మంచిరోజులు వచ్చాయనుకుని, జడ ముందుకు వేసుకుని నిలబడ్డాను. నాయనమ్మ నా వంక చూడనైనా లేదు. అమ్మ రొమ్ముల మీద ఆ పూలు పరిచి, గుడ్డతో బిగించి కట్టింది. పాలు ఎండిపోవాలని మావాళ్లు చేసే పని అది. నేను జడ పట్టుకుని మూలకు పోయి కూర్చున్నాను.

డాక్టరమ్మ వచ్చేసరికి అమ్మ రొట్టెల పిండి కలుపుతోంది. పక్కింటి పెద్దమ్మ గడపలో నిలబడి ఉంది. అంతలో పై అంతస్తులో ఎవరి పసిబిడ్డో గుక్కపెట్టి ఏడ్చింది. అమ్మ ముఖంలో ఏ కదలికా లేదు గానీ, పూలు కట్టిన గుడ్డ తడిసిపోయింది. పెద్దమ్మ ముక్కున వేలేసుకుంది.

డాక్టరమ్మ నవ్వలేదు, పూలు తీసేయమనీ అనలేదు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, అందరికీ వినబడేలా మరాఠీలో చెప్పింది. బిడ్డ ఏడుపు చెవిన పడగానే పాలిమ్మని మెదడు నుంచి కబురు వెళ్తుందట. మనిషి రాయిలా కూర్చున్నా అది ఆగదట. బిడ్డ లేదన్న కబురు మాత్రం అమ్మ ఒంటికి ఇంకా అందలేదట. అందేదాకా ఎవరూ తొందరపెట్టకూడదట.

పెద్దమ్మ లోపలికి వచ్చి, "ఇటియ్యి చెల్లె, నేను చేస్త" అని పిండి గిన్నె తన ముందుకు లాక్కుంది. అమ్మ ఆ రోజూ ఏడవలేదు. నా భయం మాత్రం పోయింది.

డాక్టరమ్మ పోయినప్పుడు పేపర్లో ఆమె పరిశోధనల గురించి గొప్పగా రాశారు. నాకు సగం అర్థం కాలేదు. కానీ ఏడుపు రాని మనిషిని చూస్తే ఇప్పటికీ ఆమే గుర్తొస్తుంది. అలాంటివాళ్లను నేనేమీ అడగను, పక్కన కూర్చుంటాను.

కిందటి నెల అమ్మ పోయింది. వచ్చినవాళ్లందరికీ రొట్టెలు నేనే చేశాను. "నీకు బాధగా లేదా అమ్మా?" అని మా అమ్మాయి అడిగింది.

"కబురు ఇంకా అందలేదు బిడ్డా" అన్నాను, రొట్టె తడుతూ.