సర్కారు నిధులతో నా గడ్డి దారి

ముందు శుభవార్త. నిన్న నా ఉద్యోగం పర్మనెంటయింది. మా వంశంలో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషిని కదా, ఆ ఉత్తరాన్ని ఇప్పటికి ఇరవైసార్లు చదివాను. ఇక ఆ ఉద్యోగాన్ని ఊడగొట్టుకోవడానికి నేనెంత దీక్షగా పాటుపడ్డానో చెబుతాను, వినండి.

నేను సివిల్ ఇంజనీర్‌ని. సింగపూర్‌లో కొత్త ఫుట్‌పాత్‌లు ఎక్కడెక్కడ కావాలో సర్వే చేసే ఒక చిన్న కంపెనీలో చేరాను. ఆరునెలల తర్వాత ఉంచుతారో పంపుతారో చెబుతామన్నారు. ఐదో నెలలో మా బాస్ లిమ్ సార్ నాకు బుకిట్ పంజాంగ్ అనే పేట అప్పగించారు. అక్కడి అపార్ట్‌మెంటు బ్లాకుల చుట్టుపక్కలకు ఈ ఏడు ప్రభుత్వం ఇచ్చిన నిధులతో ఒక్క ఫుట్‌పాతే వస్తుంది. అదెక్కడో నేను చెప్పాలి.

"జనం గడ్డి తొక్కి ఎక్కడ దారి చేసుకున్నారో చూడు. వాళ్లకు కావాల్సింది అక్కడే," అన్నారాయన.

నేనుండేదీ ఆ పేటలోనే, సావిత్రి ఆంటీ వాళ్ల మూడో అంతస్తు ఫ్లాట్‌లో, ఒక గది అద్దెకు. ఆంటీ తాతల కాలం నుంచీ వాళ్లది సింగపూరే. సాయంత్రం ఆరింటికి మా అమ్మ సిద్దిపేట వైపు నుంచి ఫోన్ చేస్తుంది. మా అమ్మ ఫోన్లో మాట్లాడదు, అయిదు చేల అవతలి మనిషిని పిలుస్తుంది. నేనూ ఆమె కూతుర్నే.

"తిన్నవా బిడ్డా?"

"తిన్ననే అమ్మా."

"ఏం కూర?"

ఈ మూడు ముక్కలకే ఆంటీ చెవులు మూసుకునేవారు. "స్వప్నా, ఇల్లు అదిరిపోతోందమ్మా. కిందికెళ్లి మాట్లాడుకో." సరేనని కిందికి పోయేదాన్ని. మా ఊళ్లో సిగ్నల్ కోసం వాకిట్లో తిరుగుతూ మాట్లాడటం అలవాటు. సింగపూర్‌లో సిగ్నల్ నిండా ఉన్నా మా వంశం కాళ్లు ఆగవు.

సర్వే రోజున కారిడార్‌లోంచి చూద్దును కదా, మా బ్లాకు వెనక గడ్డిలో పెళ్లికూతురి పాపిడిలా తిన్నగా, నున్నగా ఒక దారి. నా కళ్లు చెమర్చాయి. ఫొటో తీసి, "ప్రజలు పాదాలతో రాసుకున్న అర్జీ" అని రిపోర్టులో రాశాను. మీరు అసలు సంగతి ఈపాటికే పట్టేసి ఉంటారు. నేను ఇంజనీర్‌ని, టేపు పెట్టి కొలవందే ఏదీ పట్టను.

ఆంటీ మాత్రం, "ముందు వైపు ట్రైన్ స్టేషన్‌కి దారి రాయమ్మా, మీ అంకుల్ చక్రాల కుర్చీకి," అన్నారు.

"అక్కడ రుజువు లేదాంటీ," అన్నాను, కాలేజీలో పట్టాలు పంచే గవర్నరులా.

బ్లాకు కింద హాల్లో మీటింగ్. పేటవాళ్లంతా వచ్చారు. తెర మీద నా పాపిడి.

"ఈ దారి ఎక్కడికి పోతుంది?" అన్నారు లిమ్ సార్.

"చెట్టు దాకా సార్."

"చెట్టు తర్వాత?"

"మళ్లీ వెనక్కి వస్తుంది సార్."

హాల్లో ఎవరో దగ్గారు.

"ఎంతమంది నడుస్తున్నారు?"

"పొద్దున ఎవరూ నడవలేదు సార్. అంటే సాయంత్రం నడుస్తారన్నమాట."

"సాయంత్రం లెక్కపెట్టావా?"

"ఆ టైముకి మా అమ్మ ఫోన్ చేస్తుంది సార్."

అప్పుడు లేచారు సావిత్రి ఆంటీ, మాట చివర 'లా' తగిలించే సింగపూర్ ఇంగ్లీషులో. "సార్, అక్కడ నడిచేది ఈ అమ్మాయొక్కతే లా. డెయిలీ వన్ అవర్. ఫోను చెవికి పెట్టుకుని ఇటు పోతుంది, అటు వస్తుంది." ఆ తర్వాత నాకొక్కదానికే తెలుగులో, "ఏమ్మా, కిందికెళ్లి మాట్లాడుకోమంటే, సర్కారు డబ్బుతో రోడ్డే వేయించుకుంటున్నావా?"

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను ఇంటెనక గడ్డి తొక్కి రచ్చకెక్కాను. పేటంతా పొట్టలు పట్టుకుంది. లిమ్ సార్ ఒక్కరే నవ్వలేదు. నా గుండె పెట్టె సర్దేసుకుంది.

"మరి మీరడిగే చోట తొక్కిన గుర్తే లేదు కదా?" అని ఆయన ఆంటీనడిగారు.

"వానకి కుర్చీ దిగబడుతుంది సార్. అందుకే చుట్టూ తిరిగి పోతాం. పోలేని చోట గుర్తు ఎట్లా పడుతుంది?"

నాలుగేళ్ల చదువులో ఈ ఒక్క ముక్క నాకెవరూ చెప్పలేదు. లేచాను. "తప్పు నాది సార్. వెనక దారి నాది, ముందు దారి వాళ్లకు కావాలి," అని అందరి ముందే మ్యాపు మీద నా గీత చెరిపి, ఆంటీ గీత గీశాను. తొందరలో అది కాస్త వంకరగా వచ్చింది.

నిన్న ఆ ఫుట్‌పాత్ తెరిచారు. అంకుల్ ఎవరి సాయం లేకుండా, కుర్చీ తనే తోసుకుంటూ స్టేషన్‌కి వెళ్లి, పనేం లేకపోయినా ఒక స్టాప్ తిరిగొచ్చారు. లిమ్ సార్ నా చేతిలో ఉత్తరం పెట్టారు. "ఇంతమంది ముందు తప్పొప్పుకున్న ఇంజనీర్‌ని వదులుకోను. వచ్చే వారం యూ టీ పేటలో సర్వే. సాయంత్రాలు కూడా లెక్కపెట్టు."

అక్కణ్నుంచే అమ్మకు ఫోన్ చేశాను.

"అమ్మా, నౌకరి పర్మనెంటయింది. రోడ్డు గూడ ఏసిన్రు."

"ఎర్కే బిడ్డా. నువ్వు నడుస్తుంటే కాళ్లకు మట్టంటుతున్నదని సింగపూర్ సర్కారు రోడ్డేస్తున్నదని పోయిన నెలే అందరికి చెప్పిన."

"నాకోసం కాదే, అంకుల్ కోసం."

"ఎవలకోసమైతేంది? ఇప్పుడు కాదంటే నా ఇజ్జత్ పోదా?"

కాబట్టి చదువరులారా, ఇందుమూలంగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇక మీదట అమ్మ ఫోన్ వస్తే, భూమండలంలో ఎక్కడున్నా సరే, రెండు కాళ్లూ మడిచి కూర్చునే మాట్లాడతాను. ఈ సంగతి వెంటనే అమ్మకు కూడా ఫోన్ చేసి చెప్పాను. చెప్పడం పూర్తయ్యేసరికి, సావిత్రి ఆంటీ వంటింటి గుమ్మంలో నిలబడి, తన హాల్లో టైల్స్ ఏమాత్రం అరిగాయా అని చూస్తున్నారు.