పక్కింటి రెండో కుర్చీ

మా పక్కింటి ఐరిష్ మాస్టారు మంగళవారం పొద్దున పోయారు. నాకంటే ముందు మా అమ్మాయికి తెలిసింది. ఆయన సంగతులన్నీ ఎప్పుడూ దానికే ముందు తెలిసేవి. నేను టాలట్ ఆస్పత్రిలో నర్సు డ్యూటీ దిగి వచ్చేసరికి మెట్ల మీద కూర్చుని ఏడుస్తోంది. నేను పోయినా ఇంత ఏడుస్తుందా అనిపించింది. పోయినవాళ్ల మీద కుళ్లేమిటంటారా? ఉన్నప్పటి నుంచీ ఉన్నదే, ఒక్కరోజులో ఎక్కడికి పోతుంది?

ఆయన బడిలో గ్రీకుల చరిత్ర చెప్పి రిటైరైన మనిషి. పూర్వం ఆ గ్రీకు దేశంలో ఊరూరా తిరిగి, జీతం పుచ్చుకుని, మాట్లాడటం నేర్పే గురువులుండేవారట. తత్వవేత్తలకు వాళ్లంటే గిట్టేది కాదట. "వాళ్లూ నీలాగే పరాయి ఊళ్లో బతికినవాళ్లే. మాటే వాళ్లకు అన్నం పెట్టింది," అన్నారోసారి. ఇంకోసారి కంచె దగ్గర నేను కోటు బిగించుకుంటుంటే, చొక్కా చేతులు మడిచి నిలబడి, "ఈ గాలి నీకు చలి, నాకు హాయి. అబద్ధం ఎవరిది? ఆ గురువులైతే ఎవరిదీ కాదంటారు," అన్నారు.

"న్యుమోనియా వస్తే అబద్ధం ఎవరిదో మా వార్డులో తేలుస్తాం లెండి," అన్నాను. పడీపడీ నవ్వారు.

వారానికోసారి తన వంటింట్లో మా అమ్మాయికి ఆ మాట్లాడే విద్యే నేర్పేవారు. కిటికీ పక్కన ఎదురెదురుగా రెండు కుర్చీలు. ఒకదాంట్లో కూర్చుని తన వైపు వాదించాలి. లేచి రెండోదాంట్లో కూర్చుని అవతలివాళ్ల వైపు అంతే గట్టిగా వాదించాలి. ఆయన టేబుల్ దగ్గర గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, టీ చల్లారిపోతున్నా కదలకుండా వినేవారు. మా సింకు దగ్గర నుంచి నాకంతా కనబడేది, వినబడేది కాదు. ఇంట్లో ఏమడిగినా బాగానే ఉందన్నట్టు "గ్రాండ్, అమ్మా" తప్ప నోరు మెదపని పిల్ల అక్కడ చేతులు తిప్పుతూ గంటసేపు మాట్లాడేది. నా కడుపు మండేది.

ఈ ఏడు చదువుకి ఇల్లు వదిలి దూరంగా లిమరిక్ ఊరు వెళ్తానని అది మొదలుపెట్టింది. ఇంటి దగ్గర క్యాంపస్ చాలదా అని నేను. ఇంట్లో ఉండేది మేమిద్దరమే. ఇదంతా ఆయన ఎక్కించిందే అనుకున్నాను.

పులిహోర పట్టుకుని చివరిచూపుకి వెళ్లాను. ఆయన చెల్లెలు నా చెయ్యి వదల్లేదు.

"నువ్వేనా ఆ పిల్ల వాళ్లమ్మవి? నిన్ను బాగా ఎరుగుదును. రెండో కుర్చీలో ఎప్పుడూ నువ్వే. 'ఎవరెవరి అమ్మలకో నీళ్లు తాగించి ఇంటికొస్తాను. తిన్నావా అని నన్ను అడిగేది నా కూతురొక్కతే. అదీ వెళ్లిపోతే ఎవరడుగుతారు?' అని నీ పిల్ల నీ వైపు వాదిస్తూ అంటుంటే మా అన్నయ్య కళ్లు తుడుచుకున్నాడు."

ఆ మాట నేనెవరితోనూ అనలేదు. నా మనసులోది నా కూతురి నోట ఆయన విన్నారు, ఆయన చెల్లెలు వింది. నేను వినలేదు. మేలు చేశారని ఒప్పుకోవాలి. కానీ ముందు కుళ్లే వచ్చింది.

ఇంటికొచ్చి, "నా వైపు నాక్కూడా ఒకసారి చెప్పవే," అని అడిగాను.

"ఫస్ట్ నువ్వు మై సైడ్ చెప్పాలి, అమ్మా. దట్స్ ద రూల్."

కుర్చీ లాక్కుని కూర్చున్నాను. "నాకు లిమరిక్ ఎందుకంటే..." అని ఆగిపోయాను. ఎందుకో నేనెప్పుడూ అడగనేలేదు. అది తొందరపెట్టలేదు. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, టీ చల్లారిపోతున్నా కదలకుండా, నా నోటి వంకే చూస్తూ కూర్చుంది.