చాలంటే నమ్మిన టీచరుగారు

టీచరుగారు పోయారన్న సంగతి నాకు ద్రాక్షారామం బస్టాండులో తెలిసింది. చంకలో కరపత్రాల కట్ట, చెవి దగ్గర ఫోను. అమ్మ ఏడవలేదు. "మీ టీచరుగారు వెళ్ళిపోయారే. పొద్దున్నే. నువ్వు వచ్చెయ్," అంది. ఆ కరపత్రాలు దేని గురించో ఆ క్షణంలో నాకే గుర్తు రాలేదు. బస్సు వచ్చేదాకా కూర్చోలేక ఈ చివరి నుంచి ఆ చివరికి తిరుగుతూనే ఉన్నాను. ఆవిడ చూసి ఉంటే, "ఉద్యమం, నువ్వు తిరిగితే బస్సు తొందరగా వస్తుందా?" అనేవారు.

ఉద్యమం అంటే నేనే. ఒకటో తరగతిలో నాకు అక్షరాలు దిద్దించిన మనిషి, మా పక్కింటావిడ, నేను పెద్దయ్యి కరపత్రాలు చదివి అందరితో పోట్లాడటం మొదలుపెట్టాక పెట్టిన పేరు అది. "ఏం ఉద్యమం, ఇవాళ ఎవరి మీద?" అని గోడ మీద నుంచి పలకరించేవారు. ఆ గోడ దగ్గర నిలబడి ఎన్ని సాయంత్రాలు నేను లోకాన్ని తిట్టానో, ఎన్ని సాయంత్రాలు ఆవిడ మల్లెమొక్కకి నీళ్ళు పోస్తూ విన్నారో.

నేను చేరేసరికి వీధంతా ఆవిడ వరండాలోనే ఉంది. ఆడవాళ్ళు ఒకటే మాట అనుకుంటున్నారు, పాపం ఏమీ తినకుండానే పోయిందని. నాకు ఒళ్ళు మండింది. చావింట్లో గొడవ పెట్టుకోకూడదని పళ్ళు బిగబట్టుకున్నాను. తర్వాత చర్చిలో జ్ఞాపకార్థ కూడిక పెట్టినప్పుడు నన్ను కూడా నాలుగు మాటలు చెప్పమన్నారు. లేచాను, మళ్ళీ కూర్చుండిపోయాను. అప్పుడు చెప్పలేకపోయింది ఇప్పుడు రాస్తున్నాను.

మీరు ఆవిడని ఎరగరు. మాది గోదావరి పక్క. ఇక్కడ మర్యాద అంటే వడ్డన. ఇంటికొచ్చినవాడు చాలన్నాడంటే మొహమాటపడుతున్నాడనే అర్థం చేసుకుంటాం. విస్తరి మీద చెయ్యి అడ్డం పెడితే ఆ చెయ్యి పక్కకి తోసి మరో గరిటె వేస్తాం. టీచరుగారు అలా కాదు. కావాలా అని ఒక్కసారి అడిగేవారు. వద్దంటే గిన్నె మీద మూత పెట్టేసేవారు. దాంతో ఆవిడకి పిసినారి టీచరని పేరొచ్చింది. "ఆవిడింటికి వెళ్ళాలంటే భోంచేసి బయల్దేరాలండి," అని ఎదురింటి మిల్లు అత్తయ్యగారు అందరినీ నవ్వించేవారు. వాళ్ళకి రైసుమిల్లు ఉంది, అందుకని వీధికంతా ఆవిడ మిల్లు అత్తయ్యగారు.

ఆ మాట విని ఉడికిపోయి నేను టీచరుగారిని నిలదీశాను, మీరెందుకు ఊరుకుంటారని. ఆవిడ ఇస్త్రీ చేస్తున్న నేత చీర మీద నుంచి తలెత్తకుండానే, "చాలన్న మాట నమ్మడం కూడా మర్యాదే కదే," అన్నారు. నాకది అప్పట్లో చప్పటి మాటగా తోచింది. అందులో నినాదానికి పనికొచ్చేది ఏమీ లేదు.

కిందటేడు వానాకాలంలో కాలవగట్టు రోడ్డు మీద లారీ కింద పడి ఒక పిల్లి చచ్చిపోయింది. దాని పిల్లలు రెండు, ఒక నల్లది, ఒక బూడిదరంగుది, టీచరుగారి వరండాలో పాత బల్ల కింద చేరాయి. పళ్ళు వచ్చాయి గానీ నడక ఇంకా తడబడుతూనే ఉంది. తల్లి లేని పిల్లలని తెలియగానే వీధి కదిలింది. మిల్లు అత్తయ్యగారు చిక్కటి గేదెపాలు పంపారు. మా అమ్మ పెరుగన్నం కలిపింది, మనకి చలవ చేస్తుంది గదా, వాటికీ చేస్తుందని. చర్చి వాచ్‌మన్ పులుసు తుడిచేసి చేపముక్క తెచ్చాడు. ఆత్రేయపురం వెళ్ళొచ్చిన వాళ్ళు పూతరేకు తుంపి పెట్టారు, నెయ్యి ఉంటుంది, బలం అన్నారు. టీచరుగారు కూడా తక్కువ తినలేదు, కడుపుకి హాయని సగ్గుబియ్యం జావ కాచారు.

రెండిటికీ పారుడు పట్టుకుంది. నీళ్ళలా. ఒకరోజు తగ్గినట్టే ఉండేది, మర్నాడు మళ్ళీ మొదలు. తగ్గలేదని ఇంకొకటి పెట్టేవారు, అది పడలేదని మరొకటి. నల్లది నీరసించి ఒక మధ్యాహ్నం బల్ల కిందే పోయింది. మల్లెమొక్క పక్కన గొయ్యి తీసింది నేనే. మట్టి కప్పుతుంటే టీచరుగారు బూడిదదాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. దాని వెనక కాళ్ళు తడిగా అంటుకుపోయి ఉన్నాయి, వీపు ఎముక వేలికి తగులుతోంది. "ఇది కూడా పోతుందేమోనే," అన్నారు. భయం ఆ గొంతులో నేను వినడం అదే మొదలు.

పశువుల ఆసుపత్రిలో డాక్టరుగారు కుర్రాయన. ఏం పెడుతున్నారని అడిగారు. నేనొకటి చెబితే టీచరుగారు ఇంకొకటి గుర్తుచేశారు, ఆవిడ ఆగితే నాకు బిస్కెట్ల సంగతి గుర్తొచ్చింది. ఆయన రాయడం ఆపేసి, "ఇది పిల్లిపిల్లాండి, మగపెళ్ళివారా?" అన్నారు.

తర్వాత నిదానంగా విడమరిచారు. పాలు ఇష్టంగానే తాగుతుంది గానీ గేదెపాలైనా ఆవుపాలైనా దాని కడుపుకి అరగవు, ముందు అవి మానమన్నారు. డబ్బాలో తీసుకెళ్ళిన మలం మైక్రోస్కోపు కింద చూసి పురుగులున్నాయన్నారు. పిల్లని తూచి, ఆ బరువుకి సరిపడా మందు ఇచ్చారు. మనుషుల మాత్రలు ముక్కైనా వెయ్యొద్దని గట్టిగా చెప్పారు, కొన్ని ప్రాణం తీస్తాయట. ఉప్పు, కారం, ఉల్లిపాయ, నూనె ఏమీ లేకుండా ఉడికించిన కోడిమాంసం మెత్తగా నలిపి, కొంచెం కొంచెంగా, రోజులో చాలాసార్లు పెట్టమన్నారు. పసిది కాబట్టి కడుపు మాడ్చకూడదు. మంచినీళ్ళు ఎప్పుడూ పక్కనుండాలి. నీళ్ళు కూడా ముట్టకుండా సోలిపోతే ఇంక ఆలోచించకుండా తీసుకొచ్చెయ్యాలి. "అన్నిటికన్నా ముఖ్యం, రోజుకొకటి మార్చకండి. దాని పొట్టని కాస్త కుదురుగా ఉండనివ్వండి," అన్నారు.

చెప్పడం తేలిక. మా వీధిలో ఒక ప్రాణి పొట్టని కుదురుగా ఉండనివ్వడం ఎవరి తరం? మేం లోపల కోడిమాంసం నలుపుతుంటే వరండాలో ఎవరో పాలు పోసి వెళ్ళిపోయేవారు. గేటు వేస్తే గోడ మీద నుంచి గిన్నె దిగేది. వద్దండీ అంటే మొహమాటం అనుకునేవారు, అదీ పిల్లి తరఫున. మళ్ళీ పారుడు. నాకు పిచ్చెక్కింది. కూర్చుని ఒక కరపత్రం రాశాను. గేదెపాల గిన్నె పట్టుకున్న ప్రతి చెయ్యీ హంతకుల చెయ్యే, ఈ అజ్ఞానపు మర్యాద నశించాలి, ఇలా సాగింది. జిరాక్సు తీయించి వీధి మొత్తం అంటించాలని టీచరుగారికి చూపించాను.

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని పెన్సిలుతో ముందు ఒత్తులు దిద్దారు. తర్వాత, "ఇది చదివి మిల్లు అత్తయ్యగారు పాలు మానేస్తుందా, నీతో మాటలు మానేస్తుందా?" అని అడిగారు. అన్యాయం చేసేవాళ్ళతో మాటలెందుకన్నాను. "అన్యాయం కాదే. పెట్టే చెయ్యి అది. ఊరుకోలేదు. దానికి వేరే పని చూపించాలి," అని చెప్పులు వేసుకుని ఎదురింటికి నడిచారు. ఏం చేస్తారో చూద్దామని నేనూ వెనకాలే వెళ్ళాను.

"ఒక సాయం కావాలండి," అన్నారు టీచరుగారు. "పిల్లి దొడ్డికెళ్ళడానికి ట్రేలో పోసి రోజూ మార్చాలి. మీ మిల్లు ఊక అయితే మెత్తగా ఉంటుంది. మీరు తప్ప ఎవరిస్తారు?"

"ఊకకేం భాగ్యమండి, బస్తా పంపిస్తాను. మరి పాలో?"

"పాలు మీరు తాగండి. చిక్కిపోయారు."

మిల్లు అత్తయ్యగారు ఎలా ఉంటారో తెలిసినవాళ్ళకి ఆ మాట ఎంత పెద్ద అబద్ధమో తెలుస్తుంది. ఆవిడ పైట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వీ నవ్వీ అరుగు మీద కూలబడ్డారు. ఆ సాయంత్రమే ఊక వచ్చింది, పాలు రాలేదు. మా అమ్మకి నీళ్ళు కాచి చల్లార్చే పని పడింది. వాచ్‌మన్ వానజల్లు తగలకుండా బల్ల చుట్టూ గోనెపట్టా కట్టాడు. పూతరేకులవాళ్ళు పాత దుప్పటి ఇచ్చారు. నాకేమో లోపల అసంతృప్తి. ఎవరూ ఏమీ తెలుసుకోకుండానే మారిపోయారు, ఇదేం చైతన్యం అని సణిగాను. ఆవిడ పట్టించుకోలేదు, కోడిమాంసం నలపమన్నారు.

ఆ తర్వాత మా వీధిలో పొద్దున్నే వినబడే సంభాషణ మీరు వినాల్సింది. "ఎలా ఉందండి ఇవాళ?" "కాస్త చిక్కబడిందండి." "రంగు?" "రంగు కూడా మెరుగేనండి." ఊక ఇచ్చిన హక్కుతో మిల్లు అత్తయ్యగారు స్వయంగా ట్రేలోకి తొంగిచూసేవారు. ఒకరోజు ఆవిడే గేటు దగ్గర ఎవరినో ఆపి, దానికి పాలు పడవండి, డాక్టరుగారు చెప్పారు, అని గట్టిగా చెబుతుంటే విన్నాను. నా కరపత్రం కన్నా బాగా చెప్పారు.

మలం గట్టిపడటం చూడగానే నేను పిల్లిపిల్లల తిండి పొట్లం కొనుక్కొచ్చి గిన్నె నిండా పోయబోయాను. ఉడికిన కోడి ఒక్కటే ఎల్లకాలం సరిపోదని డాక్టరుగారు ఆవేళే చెప్పి పంపారు. టీచరుగారు నా మణికట్టు పట్టుకుని ఆపారు. చిటికెడు కొత్తది, మిగతాదంతా పాతది. మర్నాడు ఇంకో చిటికెడు. అలా మెల్లగా మారుస్తూ వచ్చారు. నేను పక్కనే కాళ్ళు ఊపుతూ కూర్చునేదాన్ని. బూడిదది బతికింది. దాని వీపు మీద మళ్ళీ కండ పట్టింది.

ఈ ఏడు ఎండాకాలంలో ఆవిడ కడుపే మొరాయించింది. కాకినాడ ఆసుపత్రికి తీసుకెళ్ళారు, అక్కడ కొన్నాళ్ళు ఉంచుకున్నారు, ఇంక చేసేదేమీ లేదు, ఇంటి దగ్గర ఆవిడ కోరినంత పెట్టండి, బలవంతం చేయకండని పంపేశారు. తుని నుంచి తమ్ముడూ మరదలూ వచ్చి ఉన్నారు. మళ్ళీ గిన్నెలు మొదలయ్యాయి. కొబ్బరినీళ్ళు, రాగిజావ, చారన్నం, పళ్ళరసం. ఆవిడ రెండు చెంచాలు తీసుకుని చాలనేవారు. ఎవరూ నమ్మేవారు కాదు. బతకాలన్న ఆశ వాళ్ళది, అది నాకూ ఉంది. నేనూ తలుపు దగ్గర నిలబడి ఇంకొక్క చెంచా మింగితే బాగుండునని మనసులో అనుకున్నదాన్నే.

చివరిసారి నేను చూసింది ఒక మధ్యాహ్నం. మరదలు మంచం మీద కూర్చుని చెంచా పెదవుల దగ్గర పెట్టి, నా కోసం వదినా, ఇంకొక్కటి, అని బతిమాలుతోంది. టీచరుగారు మొహం తిప్పుకున్నారు. చెంచా అటు తిరిగింది. నాకు ఆగలేదు. చాలంటున్నారు, మీకు వినబడదా అని అరిచాను. ఆవిడ కళ్ళు తెరిచి నన్నే మందలించారు, "అరవకే. భయపడుతోంది పాపం," అని. ఆ తర్వాత మరదలి చెయ్యి పట్టుకున్నారు. గొంతు చాలా సన్నగా ఉంది గానీ తరగతి గదిలో చివరి బెంచీకి కూడా వినబడే స్పష్టత అందులో ఇంకా పోలేదు.

"ఆ పిల్లిపిల్లకి నోరు లేదు, మనం కనిపెట్టాల్సొచ్చింది. నాకు నోరుంది గదమ్మా. చాలంటున్నాను."

మరదలు చెంచా గిన్నెలో పెట్టేసింది.

అందుకే వరండాలో ఆ మాట విన్నప్పుడు ఒళ్ళు మండింది. ఆవిడ తినకుండా పోలేదండి. తినగలిగినంత తిని, చాలని తన నోటితో చెప్పి, నమ్మించి మరీ పోయారు. అయినా నాకు నిద్ర పట్టడం లేదు. ఇంకో రెండు చెంచాలు పడి ఉంటే అని ఒకసారి, అలా అనుకుంటున్నందుకు నా మీద నాకే కోపం ఒకసారి. ఈ రెండిటి మధ్యా కుదురు లేదు.

ఆ మధ్యాహ్నం నేను ఉండలేక లేచి వచ్చేశాను. గేటు దాటాక వెనక్కి చూస్తే కిటికీలోంచి కనిపించారు. గిన్నె తీసేశాక మరదలికి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు కాబోలు, దువ్వెన తీసుకుంది. టీచరుగారు గోడ వైపు తిరిగి కళ్ళు మూసుకున్నారు. దిండు మీద పరుచుకున్న పల్చటి తెల్లజుట్టుని ఆ దువ్వెన చిక్కులేమీ లేకపోయినా పైనుంచి కిందికి, మళ్ళీ పైనుంచి కిందికి, ఆగకుండా దువ్వుతూనే ఉంది.