నెమళ్లచెరువుకు గరుసుదారి

లేవి పంతులు సైకిలు సంగతి చెప్పాలంటే ముందు ఆయన నోటి సంగతి చెప్పాలి. అబ్బో, ఏం నోరది! అహోబిలం కొండలకు దక్షిణాన, కర్నూలు జిల్లా అయిపోయి కడప జిల్లా మొదలయ్యే చోట బొమ్మలపాడు అని ఒక ఊరుంది. ఊరి బయట మాలగేరి, గేరిలో చిన్న గుడి, ఆ గుడిలోనే మిషన్ బడి. బడికి పంతులూ, గుడికి ఉపదేశీ లేవి ఒక్కడే. ఆదివారం ప్రసంగానికి లేచాడంటే బైబిల్లో యోనాను మింగిన చేప గుడి పట్టక వాకిట్లోకి వచ్చి పడేది. గోరంతను కొండంత చేయడం ఆయనకు పుట్టుకతో అబ్బింది. మనిషి మాత్రం మంచివాడు. బడిలో బెత్తం పట్టేవాడు కాదు, తాగుడు లేదు, పెళ్లాం సంతోషమ్మ అంటే ప్రాణం. ఆ ప్రాణమైన మనిషి ముందరే ఆయన గొప్పలన్నీ పోయేవాడు.

పందొమ్మిది వందల ముప్ఫై ప్రాంతంలో మిషన్ పాత దొర తన దేశానికి వెళ్లిపోతూ తన సైకిలు లేవికి ఇచ్చిపోయాడు. అడవి అవతలి పల్లెల్లో వారం వారం ప్రార్థన పెట్టాలి కదా, కాళ్లరిగేలా నడుస్తున్నాడని. సైకిలు గేరిలోకి వచ్చిన సాయంత్రం చూడాలి ఆ సంబరం! పిల్లలు గంట కొట్టి కొట్టి దాని గొంతు పోగొట్టినంత పని చేశారు. ముసలివాళ్లు చక్రాన్ని తడిమి చూశారు. సంతోషమ్మ మాత్రం గుమ్మంలో నిలబడి మెల్లగా అడిగింది.

"మామా, ఊర్లో దిగమంటారేమో గదా?"

ఆమె భయం ఊరికే వచ్చింది కాదు. గేరి నుంచి అడవికి పోవాలంటే ఊరి నడివీధి ఒక్కటే దారి. ఒకపక్క వంక, ఇంకోపక్క రెడ్ల మాగాణి. వీధి మొదట్లో బొడ్రాయి, దాని పక్కన గానుగ, ఆ తర్వాత పెద్దలు కూర్చునే చావిడి. గేరి మనిషి ఎవడైనా బొడ్రాయి దగ్గర చెప్పులు విప్పి చేతబట్టుకోవాలి. గుర్రమెక్కినా గాడిదెక్కినా దిగాలి. వీధి దాటాకే మళ్లీ ఎక్కాలి. ఎవడు పెట్టాడో తెలియదు, పాడు ఆచారం! దానికి మాత్రం ఏ కరువులోనూ కరువు రాలేదు.

లేవి మీసం దువ్వాడు. "నన్ను దింపే మొగోడు యాడుండాడే? దొర పోతా పోతా ఊరి పెద్దరెడ్డితో చెప్పిండాడు. చావిడి ముందర గంట కొట్టుకుంటా పోతా, చూస్తాండు!"

దొర ఎవరితోనూ ఏమీ చెప్పలేదు. మరునాడు పొద్దున బొడ్రాయి దగ్గరికి వచ్చేసరికి లేవి కాళ్లు వాటంతటవే నేల మీద ఆనాయి. చెప్పులు విప్పి హ్యాండిలుకు తగిలించుకున్నాడు. తల వంచుకుని సైకిలును నడిపించుకుంటూ చావిడి దాటాడు. గంట మీద వేలు పెడితే ఒట్టు. ఇంట్లో పులి, వీధిలో పిల్లి అంటారే, అదీ సంగతి.

కానీ వీధి దాటాక! అక్కడి నుంచి అడవిలోకి గరుసుదారి. వెదుర్లు తోలే బండ్ల కోసం ఎప్పుడో కంకరమట్టి పోసి కొట్టిన బాట. బండ్లు కూడా ఏడాదికి నాలుగు రోజులే తిరుగుతాయి. మిగతా రోజులన్నీ అది లేవిదే. ఎర్ర గరుసు చక్రాల కింద కరకరమంటుంటే, రెండుపక్కలా టేకుచెట్లు, నారేపచెట్లు వెనక్కి పరుగెడుతుంటే, దిగమనే నాథుడు లేని ఆ దారిలో లేవి గొంతెత్తి కీర్తనలు పాడేవాడు. ఊర్లో మూగబోయిన గంటను పనీపాటా లేకుండా మోగించేవాడు. కొండ మలుపు తిరిగితే పల్లంలో నెమళ్లచెరువు. మూడువైపులా కొండ, నడుమ నీళ్లు, గట్టు మీద నెమళ్లు. అక్కడ సైకిలును బండకు ఆనించి, మొహం కడుక్కుని, తెచ్చుకున్న కొర్రసంగటి తిని అవతలి పల్లెలకు పోయేవాడు.

ఇంటికొచ్చాక ఇక చెప్పడం మొదలు. "ఏమ్మే, సంద్రమే అనుకో! ఈ గట్టున నిలబడితే ఆ గట్టు కనపడదు. నెమళ్లు నూర్లకు నూర్లు. సైకిలు తొక్కుతాంటే గాలి మనల్ని ఎత్తుకుని పోతాది."

సంతోషమ్మ రాగులు విసురుతూ వినేది. ఆమె పుట్టింది బొమ్మలపాడు గేరి, మెట్టింది అదే గేరి. రెడ్ల చేలల్లో కూలి, ఇంట్లో చాకిరి, ఆదివారం గుడి. చెరువంటే ఊరి కుంట తప్ప మరొకటి చూసి ఎరగదు. ఒకనాడు అడిగింది.

"నన్నూ ఒక్కతూరి ఎనక కూర్చోబెట్టుకుని పోరాదా మామా? ఆ చెరువు చూడాలని శానా ఆశగా ఉండాది."

లేవి మనసులో లెక్క వేసుకున్నాడు. తీసుకుపోవాలంటే బొడ్రాయి దాటాలి. బొడ్రాయి దాటాలంటే దిగాలి. గంట కొట్టుకుంటా పోతానన్న మొగుడు చెప్పులు చేతబట్టుకుని నడుస్తుంటే ఆమె కళ్లారా చూస్తుంది. ఇంకేం మిగులుతుంది తనకు?

"క్యారియరు అంత గట్టిది కాదే. వానలు పడనీ, పోదాం" అన్నాడు.

వానలు పడ్డాయి, దారి బురదన్నాడు. చలికాలం వచ్చింది, చిరుతపులి తిరుగుతోందన్నాడు. పిల్లలు చిన్నవాళ్లన్నాడు, తర్వాత పిల్లలు పెద్దవాళ్లయ్యారు, ఇప్పుడు చూస్తే నవ్విపోతారన్నాడు. పాపం సంతోషమ్మ గొడవ చేసే మనిషి కాదు. ఏడాదికో రెండేళ్లకో ఒకసారి, చెరువు నిండిందని లేవి నోట విన్నప్పుడు, "ఈతూరన్నా తీస్కపోతావా?" అనేది. అంతే, అట్లా ఏళ్లు గడిచాయి. సైకిలు రంగు పోయింది, లేవి మీసం నెరిసింది.

యుద్ధం నడుస్తున్న రోజుల్లో సంతోషమ్మ చూపు మసకబారడం మొదలైంది. ముందు సూదిలో దారం ఎక్కలేదు. తర్వాత పొయ్యిమీది కుండ తడుముకుంది. కడపకు తీసుకుపోయి చూపిస్తే, ఆలస్యం చేశారు, ఇక రాదని డాక్టరు చెప్పేశాడు. యుద్ధం ముగిసేసరికి ఆమెకు పగలూ రాత్రీ ఒకటే అయ్యాయి.

ఆ ఏడు వానలు బాగా కురిసి నెమళ్లచెరువు అలుగు పారింది. లేవి ఇంటికొచ్చి సంతోషమ్మ పక్కన కూర్చున్నాడు. "ఏమ్మే, రేపు పోదాం రా, చెరువు కాడికి" అన్నాడు.

జాలితో అన్నాడనుకుంటారేమో. జాలీ ఉంది, కాదనను. కానీ దాని అడుగున ఇంకో మాట ఉంది, అది చెప్పకపోతే ఈ కథ చెప్పడమే దండగ. ఇప్పుడైతే ఆమెకు ఏమీ కనపడదు. బొడ్రాయి దగ్గర గాలి తగ్గిందనో, చైను ఊడిందనో చెప్పి కాసేపు దించితే సరి, గుట్టు గుట్టుగానే ఉంటుంది. ఛీ, అదీ ఒక ఆలోచనేనా! అయినా చేశాడు.

పొద్దున్నే ఉతికిన చీర కట్టుకుని, తలకు నూనె రాసుకుని సంతోషమ్మ క్యారియరు మీద కూర్చుంది. సీటును రెండు చేతులా పట్టుకుంది. గేరి అంతా బయటికొచ్చి నవ్వుతూ చూసింది. ఆమె కూడా నవ్వింది. గేరి దాటి నాలుగు తొక్కులు తొక్కాడో లేదో, లేవి ఇంకా అబద్ధం వెతుక్కుంటూనే ఉన్నాడు, ఆమె వెనక నుంచి వీపు తట్టింది.

"ఆపు మామా. గానుగ వాసన వస్తాంది. బొడ్రాయి వచ్చిండాది గదా, దిగుదాం."

లేవి సైకిలు ఆపాడు. ఆమె తనే దిగింది. క్యారియరు చువ్వ పట్టుకుని నిలబడింది. "చెప్పులు ఇప్పినావా?" అని అడిగింది.

ఇద్దరూ నడిచారు. చావిడిలో ఇద్దరు పెద్దలు కూర్చునే ఉన్నారు. ఒకాయన గొంతు సవరించుకుని, "ఏం పంతులూ, ఆడమనిషిని సైకిలెక్కించినావే!" అన్నాడు. లేవి తల ఎత్తలేదు.

"దిగే పోతాండాం గద సామీ" అంది సంతోషమ్మ, తడబడకుండా.

వీధి అయిపోయింది. కాలికింద గరుసు తగలగానే ఆమె మళ్లీ ఎక్కి కూర్చుంది. "ఇంక కొట్టు మామా, గంట" అంది. లేవి కొట్టలేకపోయాడు.

చెరువుగట్టు మీద ఆమెను బండపై కూర్చోబెట్టి, పక్కనే కూలబడి అడిగాడు. "నీకెవరు చెప్పినారే?"

"ఒకరు చెప్పేదేంది? సైకిలు వచ్చిన మర్నాడే చూస్తి. వీధి పక్క రెడ్డి కళ్లంలో శెనక్కాయలు ఒలుస్తాంటి. నువ్వు చెప్పులు తగిలించుకుని పోతాంటే మొగం పక్కకు తిప్పుకుంటి."

"ఒక్కతూరన్నా అనలేదే!"

"నువ్వు అంత సంబరంగా చెప్తాంటే ఎట్ల అనేది?" అంది సంతోషమ్మ. "నేనూ దిగి నడిచేదాన్ని గద మామా. ఆ కొంచెం దూరమే గదా."

పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు ఇన్నేళ్లూ తాగాడు లేవి. ఆ కొంచెం దూరం కలిసి నడిచి ఉంటే, చూపున్న కళ్లతోనే ఆమెను ఇక్కడికి తెచ్చి ఉండేవాడు. ఒక్కసారి కాదు, ఏడాదికొకసారి. ఎవరు ఆపారు? రెడ్డి దిగమన్నాడే గానీ, పెళ్లాన్ని ఎక్కించుకోవద్దనలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం?

దూరాన ఎక్కడో ఒక నెమలి కూసింది. సంతోషమ్మ మొహం అటు తిప్పింది. కాళ్లు జాపితే నీళ్లు తగిలాయి, చిన్నపిల్లలా ఉలిక్కిపడి నవ్వింది.

"చెప్పు మామా, ఎట్లుండాది?"

ఆ చెరువును వందసార్లు వర్ణించిన నోరు. సముద్రమన్నది, ఆ గట్టు కనపడదన్నది. లేవి కళ్లు తుడుచుకుని నీళ్లకేసి చూశాడు. ఆవలి గట్టు, దానిమీద మేస్తున్న గొర్రెలు కూడా తేటగా కనిపిస్తున్నాయి.

"నేను చెప్పినంత పెద్దది కాదే" అన్నాడు. "ఆ పక్క గట్టు కనపడతాంది."

"కనపడతాందా?" అంది సంతోషమ్మ. "మంచిది. అయితే అదెట్లుండాదో చెప్పు."

లేవి చెప్పడానికి నోరు తెరిచాడు. ఏడుపు తప్ప ఏమీ రాలేదు.